ఎండ తగలని చోట మచ్చ: మైకోసిస్ ఫంగాయిడిస్‌ను మొదట్లో గుర్తుపట్టడం ఎందుకంత కష్టం?

చర్మానికి వచ్చే క్యాన్సర్ అనగానే మనకు తోచేది మానని పుండో, రంగు మారిన పుట్టుమచ్చో, రోజురోజుకీ పెరిగే గడ్డో. మైకోసిస్ ఫంగాయిడిస్ కూడా చర్మానికి వచ్చే ఒక క్యాన్సరే, కానీ మొదట్లో వీటిలో ఏదీ కాదు. నడుం కింద, పిరుదుల మీద, తొడ లోపలివైపు, రొమ్ము పక్కన ఒక పల్చటి మచ్చ, అంతే. కళ్ళు మూసుకుని చేత్తో తడిమితే అక్కడ మచ్చ ఉన్నట్టే తెలియదు. నొప్పి ఉండదు. దురద కొందరికి నిద్ర పట్టనంత ఉంటుంది, కొందరికి అసలే ఉండదు. గోకితే సన్నగా పొట్టు రాలుతుంది. ఇంట్లోవాళ్ళు తామర అంటారు. మెడికల్ షాపులో ఒక ట్యూబు ఇస్తారు. రాస్తే తగ్గుతుంది, ఆపితే వస్తుంది. ఇలా రెండేళ్ళు, ఐదేళ్ళు, ఒక్కోసారి పదేళ్ళు గడిచిపోతాయి.

యూరప్ కేంద్రంగా నడుస్తున్న ఒక అంతర్జాతీయ రిజిస్ట్రీలో తొలిదశ రోగుల వివరాలు చూశారు. మొదటి మచ్చ కనిపించినప్పటి నుంచి జబ్బు ఫలానా అని తేలేవరకు పట్టిన కాలం, మధ్యస్థంగా 36 నెలలు. అంటే సగం మందికి మూడేళ్ళకు పైనే పట్టింది. ఇదేదో మారుమూల ఆస్పత్రుల లెక్క కాదు, ఈ జబ్బు కోసమే ప్రత్యేక క్లినిక్‌లు నడిపే కేంద్రాల లెక్క. కాబట్టి ఆలస్యమంతా డాక్టర్ల నిర్లక్ష్యమో, రోగుల అశ్రద్ధో అనడం న్యాయం కాదు. జబ్బు స్వభావమే అలాంటిది. మచ్చ ఎలా ఉందన్నదాని కంటే, నెలల తరబడి అది ఎలా నడుచుకుంటోందన్నదే ఇక్కడ పెద్ద ఆధారం. ఒక్క చూపులో తేలే జబ్బు కాదిది.

కాపలా కణాల తిరుగుబాటు

మన రక్తంలో లింఫోసైట్లు అనే తెల్ల కణాలున్నాయి. వాటిలో టీ కణాలు ఒక తెగ. వీటిలో కొన్ని రక్తంలో తిరగడం మానేసి చర్మంలోనే స్థిరపడిపోతాయి. పైనుంచి వచ్చే సూక్ష్మక్రిములను పసిగట్టడం వాటి పని. అలాంటి ఒక టీ కణం దారితప్పి, తనలాంటి కణాలనే పుట్టించుకుంటూ పోతే వచ్చేది మైకోసిస్ ఫంగాయిడిస్. డాక్టర్లు పొట్టిగా ఎంఎఫ్ అంటారు. శాస్త్రం ప్రకారం ఇది చర్మంలో పుట్టిన లింఫోమా, అంటే లింఫోసైట్ల క్యాన్సర్. చర్మపు టీ కణ లింఫోమాలన్నిటిలో దాదాపు సగం ఇదే.

గందరగోళానికి మూలం కూడా ఇక్కడే ఉంది. ఎగ్జిమా వచ్చినప్పుడు చర్మంలో చేరి ఎర్రబరిచేవి, దురద పుట్టించేవి టీ కణాలే. సోరియాసిస్‌లోనూ అవే. ఎంఎఫ్‌లో చెడిపోయిన టీ కణాలు తొలినాళ్ళలో చేసే పని వీటికి పెద్దగా భిన్నంగా ఉండదు. పైగా చెడ్డ కణాలు కొన్నే ఉంటాయి, వాటి చుట్టూ మంచి కణాలు ఎక్కువగా చేరి ఉంటాయి. కాబట్టి కంటికే కాదు, మైక్రోస్కోపుకు కూడా మొదట్లో ఇది మామూలు చర్మవ్యాధిలాగే కనబడుతుంది.

1806లో పారిస్‌లోని సెయింట్ లూయీ ఆస్పత్రిలో జాన్ లూయీ అలిబెర్ ఈ జబ్బును మొదటిసారి వర్ణించినప్పుడు ఆయన చూసినది ముదిరిన దశ. ఒళ్ళంతా పుట్టగొడుగుల్లా లేచిన గడ్డలు. ఆ పోలికతోనే పేరు పెట్టారు తప్ప దీనికీ ఫంగస్‌కూ సంబంధం లేదు. అంటుకోదు. ఒకే తువ్వాలు వాడినా, ఒకే పక్కలో పడుకున్నా రాదు. 1870లో ఎర్నెస్ట్ బజాన్ అనే మరో ఫ్రెంచి వైద్యుడు ఆ గడ్డలకు ముందు ఏళ్ళ తరబడి పల్చటి మచ్చలు, తర్వాత చేతికి తగిలే మందపాటి బిళ్ళలు ఉంటాయని క్రమం చెప్పాడు. మచ్చ, బిళ్ళ, గడ్డ అనే ఆ మూడు మెట్ల లెక్కే ఇప్పటికీ పుస్తకాల్లో ఉంది. అయితే అందరూ మూడు మెట్లూ ఎక్కరు. చాలామంది మొదటి మెట్టు మీదే జీవితమంతా గడిపేస్తారు.

అమెరికా లెక్కల్లో ఏటా పది లక్షల మందిలో ఐదారుగురికి కొత్తగా ఇది బయటపడుతుంది. మండల కేంద్రంలో ప్రాక్టీసు చేసే డాక్టరు జీవితకాలంలో ఒక్క కేసు కూడా చూడకపోవచ్చు. అదే డాక్టరు ఒక్క రోజులో పాతిక తామర కేసులు చూస్తాడు. కాబట్టి మచ్చ కనిపించిన మొదటి రోజే క్యాన్సరేమోనని కంగారుపడటం అనవసరం. నా దృష్టిలో ఆ ప్రశ్న వేసుకోవలసింది మూడో ట్యూబు కొనేటప్పుడు.

మన ఒంటి మీద అది ఎలా ఉంటుంది

పుస్తకాల్లో ఎంఎఫ్ మచ్చను గులాబి రంగులో ఉంటుందని రాస్తారు. అవి తెల్లవాళ్ళ చర్మాన్ని చూసి రాసిన మాటలు. చామనఛాయ, నలుపు ఒంటి మీద ఆ గులాబి రంగు కనిపించదు. మట్టి రంగులోనో, బూడిద కలిసిన గోధుమ రంగులోనో, కొంచెం ఊదా జీర తిరిగో ఉంటుంది. లేదా చుట్టుపక్కల చర్మం కంటే పాలిపోయి ఉంటుంది. ఈ పాలిపోయిన రకం గురించి వేరుగా చెప్పుకోవాలి, మనకు అది ముఖ్యం.

రంగు కంటే నమ్మదగినది పైపొర. పాత మచ్చల్లో చర్మం పలచబడి, రెండు వేళ్ళతో దగ్గరకు నొక్కితే ఉల్లిపొరలా సన్నటి ముడతలు పడుతుంది. నేరుగా లైటు వేస్తే ఇది తెలియదు, పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడాలి. కిటికీ పక్కన నిలబడితే చాలు. సోరియాసిస్ మచ్చ మందంగా, తెల్లటి పొలుసులతో ఉంటుంది కాబట్టి ఈ పలచదనం దానికి సరిగ్గా వ్యతిరేకం.

రెండోది, మచ్చల్లో పోలిక లేకపోవడం. ఒకటి అరచేయంత, పక్కనే ఇంకొకటి రూపాయి బిళ్ళంత. ఒకటి గుండ్రం, ఇంకొకటి వంకరటింకర. కుడి తొడ మీద ఉన్నది ఎడమ తొడ మీద ఉండదు. సాధారణంగా ఐదు సెంటీమీటర్లు దాటిన మచ్చలకు అనుమానం ఎక్కువ. వేలి ఆకారంలో, నడుం పక్కల్లో వరసగా ఉండే చిన్న మచ్చలతో భయం తక్కువ. వాటిని చిన్న మచ్చల పారాసోరియాసిస్ అని వేరు చేస్తారు. పెద్ద మచ్చల పారాసోరియాసిస్ సంగతి అలా కాదు. అది ఎంఎఫ్‌కు ముందు దశా, లేక ఎంఎఫ్ తొలి దశేనా అన్న వాదన చర్మవైద్యుల్లో దశాబ్దాలుగా నడుస్తోంది. రోగికి ఆ వాదనతో పనిలేదు. పెద్ద మచ్చల పారాసోరియాసిస్, ఎంఎఫ్, ఈ రెండిట్లో ఏ మాట రిపోర్టులో కనిపించినా ఆరు నెలలకోసారి చూపించుకోవలసిందే.

మూడోది చోటు. బనీను, లోదుస్తులు కప్పే భాగమే దీనికి ఇష్టం. పిరుదులు, నడుం కింది భాగం, తొడల లోపలివైపు, చంకల చుట్టూ, ఆడవాళ్ళలో రొమ్ముల మీద. కారణం ఎండ. సూర్యకాంతిలోని అతినీలలోహిత కిరణాలు చర్మంలోని టీ కణాలను అణిచేస్తాయి. రోజూ ఎండ తగిలే చేతులు, ముఖం మీద చెడ్డ కణాలు నిలదొక్కుకోలేవు. బట్ట చాటున ఉన్నచోట నిశ్చింతగా పెరుగుతాయి. తర్వాత చెప్పబోయే కాంతి చికిత్స పనిచేసేదీ ఈ సూత్రం మీదే.

ఇక్కడ మన దగ్గర ఒక చిక్కుంది. చెమట, బిగుతు జీన్సు, పావడా నాడా, ఆరని లోదుస్తుల వల్ల తామర కూడా సరిగ్గా ఈ చోట్లకే వస్తుంది. చల్లటి దేశాల్లో పిరుదు మీద మచ్చ అంటేనే డాక్టరు చెవులు రిక్కిస్తాడు. గుంటూరులోనో ఖమ్మంలోనో అది రోజూ కనిపించే దృశ్యం. కాబట్టి ఒక్క చోటును పట్టుకుని తేల్చలేం. తామర మచ్చ అంచు లేచి, ఎర్రగా, చురుగ్గా బయటికి పాకుతూ ఉంటుంది, నడుమ మానుతూ వస్తుంది. ఎంఎఫ్ మచ్చకు సాధారణంగా ఆ కట్టుదిట్టమైన అంచు ఉండదు, లోపలా బయటా ఒకేలా ఉంటుంది. అన్నిటికన్నా పనికొచ్చే ప్రశ్న ఇంకొకటి ఉంది: ఇంట్లో ఇంకెవరికైనా ఉందా? ఈ మధ్య మన దేశంలో ప్రబలిన మొండి తామర ఒకరికి వచ్చిందంటే తరచు భార్యకో, భర్తకో, పిల్లలకో పాకుతుంది. ఏళ్ళ తరబడి ఒక్కరికే పరిమితమైన "తామర"ను ఒకసారి అనుమానించాలి. అనుమానం తీర్చడానికి మచ్చ అంచున గీకి, పొట్టును పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్కలో వేసి మైక్రోస్కోపు కింద చూస్తే చాలు. పది నిమిషాల పని, ఖర్చు కూడా పెద్దగా ఉండదు. అయినా ఆ పరీక్ష చేయకుండానే నెలల తరబడి ఇట్రాకొనజోల్ అనే ఫంగస్ మందు మింగిస్తుంటారు.

పాలిపోయిన మచ్చ

ఎంఎఫ్ సాధారణంగా యాభై, అరవై ఏళ్ళ వయసులో బయటపడే జబ్బు. ఆడవాళ్ళ కంటే మగవాళ్ళలో ఎక్కువ. కానీ నల్ల, గోధుమ వర్ణం చర్మాల్లో దీని పాలిపోయిన రకం ఒకటుంది. ఇది యువతలో, చివరికి పిల్లల్లో కూడా వస్తుంది. భారతదేశం నుంచి వచ్చే కేసు నివేదికల్లో ఈ రకం తరచు కనిపిస్తుంది. ఒంటి మీద అక్కడక్కడా రంగు తగ్గిన మచ్చలు ఉంటాయి, దురద ఉండకపోవచ్చు. పదహారేళ్ళ పిల్లకు నడుం చుట్టూ తెల్లటి మచ్చలు వస్తే క్యాన్సర్ ఎవరికి తట్టుతుంది?

తల్లిదండ్రులకు మొదట తట్టేది బొల్లి. పెళ్ళి సంబంధాల భయంతో ఆ మాట పైకి అనకుండా దాచిపెడతారు, అదొక ఆలస్యం. బొల్లి మచ్చ సున్నం పూసినంత తెల్లగా, అంచు స్పష్టంగా ఉంటుంది, పొట్టు రాలదు, మచ్చలోని వెంట్రుకలు కూడా ఒక్కోసారి నెరుస్తాయి. ఎంఎఫ్ మచ్చలో రంగు పూర్తిగా పోదు, తగ్గుతుంది. అంచు చుట్టూ ఉన్న చర్మంలో కలిసిపోతుంది. దగ్గరగా చూస్తే సన్నటి పొట్టు. చీకటి గదిలో వుడ్స్ ల్యాంప్ అనే అతినీలలోహిత దీపం వేస్తే బొల్లి మచ్చ నీలి తెలుపులో మెరుస్తుంది, ఇది అంతగా మెరవదు. ఇక శోభి మచ్చలంటారా, అవి ఎక్కువగా ఛాతీ, వీపు పైభాగం, మెడ మీద వస్తాయి. గీకితే పిండిలా రాలుతుంది, ఫంగస్ పరీక్షలో దొరికిపోతాయి.

కుష్టుతో పోలిక వేరే విధంగా ఇబ్బంది పెడుతుంది. 2005లో దేశం స్థాయిలో కుష్టు ప్రజారోగ్య సమస్యగా నిర్మూలన అయిందని ప్రకటించినా కొత్త కేసులు వస్తూనే ఉన్నాయి. ఆశా కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి పాలిపోయిన మచ్చల గురించి అడుగుతూనే ఉన్నారు, అడగవలసిందే కూడా. ఆ వడపోతలో ఎంఎఫ్ మచ్చ కుష్టు కింద జమ కావడానికి ఎంతోసేపు పట్టదు. కుష్టుగా భావించి చికిత్స చేశాక ఎంఎఫ్ అని తేలిన కేసులు వైద్య పత్రికల్లో వచ్చాయి. దూదిపింజతో తాకితే స్పర్శ తెలియకపోవడం, మోచేతి వెనక నరం తాడులా ఉబ్బడం, మచ్చలో చెమట పట్టకపోవడం కుష్టు గుర్తులు. ఎంఎఫ్ మచ్చలో స్పర్శ పోదు. కాకపోతే కుష్టులోనూ కొన్ని రకాల్లో మొదట స్పర్శ బాగానే ఉంటుంది. అందుకే స్పర్శ ఉందన్న ఒక్క కారణంతో కుష్టును కొట్టేయలేం, మచ్చలున్నాయన్న ఒక్క కారణంతో ఏడాదిపాటు ఎండీటీ అనే కుష్టు మాత్రలు మింగించనూ కూడదు. రెండిట్లో ఏదో తేలాలంటే చర్మం ముక్క తీసి చూసే పరీక్షే (బయాప్సీ) దారి.

పాలిపోయిన రకం విషయంలో ఊరట ఏమిటంటే అది ముదరడం అరుదు. మిగతా రకాల కంటే నెమ్మదైనది.

పైన చెప్పిన చోటు సూత్రానికి లొంగని రకం కూడా ఒకటుంది. చెడ్డ కణాలు పైపొరను వదిలి వెంట్రుకల కుదుళ్ళలో చేరతాయి. అప్పుడు ముఖం, మెడ, తల మీదే మొదలవుతుంది. నడివయసులో కొత్తగా మొటిమల్లాంటివి, నల్లటి ముళ్ళు, ఒకవైపు కనుబొమ రాలిపోవడం, విపరీతమైన దురద దీని గుర్తులు. ఇది లోతున ఉంటుంది కాబట్టి పైపూత మందులకూ, కాంతికీ అంతగా లొంగదు. ముందుగా గుర్తుపట్టవలసిన రకం ఏదైనా ఉందంటే ఇదే.

తగ్గింది కదా అంటే?

ఎంఎఫ్ కథలో అన్నిటికన్నా మోసపుచ్చే ఘట్టం మందుకు తగ్గడం.

మన మెడికల్ షాపుల్లో దొరికే దురద ట్యూబుల్లో చాలావాటిలో క్లోబెటసాల్ లాంటి గట్టి స్టెరాయిడ్, ఒక ఫంగస్ మందు, ఒక యాంటీబయాటిక్ కలిపి ఉంటాయి. 2018లో కేంద్రం పైపూత స్టెరాయిడ్లను షెడ్యూల్ హెచ్‌లో చేర్చి, డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదంది. ఆ నిబంధన కౌంటరు దగ్గర ఎంతవరకు అమలవుతోందో ఆ ట్యూబు కొన్నవాళ్ళందరికీ తెలుసు. దేశంలో మందులకు లొంగని తామర ఇంతగా పెరగడంలో ఈ కలగాపులగం ట్యూబుల పాత్ర ఉందని చర్మవైద్యుల సంఘాలు ఏళ్ళుగా మొత్తుకుంటున్నాయి.

ఎంఎఫ్ విషయంలో ఇంకో మలుపుంది. తొలిదశ ఎంఎఫ్‌కు గట్టి స్టెరాయిడ్ పూత నిజంగానే ఒక చికిత్స. టీ కణాలను అది అణిచేస్తుంది. అంటే తామర అనుకుని పూసిన ట్యూబుకు ఎంఎఫ్ మచ్చ తగ్గుతుంది. తగ్గింది కాబట్టి తామరే అన్న నమ్మకం బలపడుతుంది. బొల్లి అనుకుని కాంతి చికిత్స చేసినప్పుడూ ఇదే జరుగుతుంది. ఆ చికిత్సలో వాడే నారోబ్యాండ్ యూవీబీ అనే అతినీలలోహిత కాంతి రెండిటికీ పనిచేసే వైద్యం కాబట్టి పాలిపోయిన ఎంఎఫ్ మచ్చల్లో రంగు తిరిగొస్తుంది. తప్పు నిర్ధారణకు సరైన వైద్యం అందిపోతుంది. నిలబెట్టి అడగవలసింది తగ్గిందా అని కాదు, ఆపాక ఏమైంది అని. అదే చోట, అదే ఆకారంలో మళ్ళీ లేస్తే, కొన్నాళ్ళకు ఇంకోచోట కొత్తది తోడైతే, జబ్బు పేరు మరోసారి వెతకాలి.

స్టెరాయిడ్ పూత ఇంకో నష్టం కూడా చేస్తుంది. ముక్క పరీక్షలో కనిపించాల్సిన కణాలను తుడిచేస్తుంది. అందుకే బయాప్సీకి ముందు రెండు నుంచి నాలుగు వారాలు పూత ఆపమంటారు. దురద భరించలేక రాత్రిళ్ళు చాటుగా రాసుకుని, ఆ సంగతి డాక్టరుకు చెప్పకపోతే రిపోర్టు ఎందుకూ తేలని మాటలతో వస్తుంది.

ముక్క పరీక్షకు రెండే పాయింట్లు

మిగతా క్యాన్సర్లలో బయాప్సీ రిపోర్టే చివరి తీర్పు. ఇక్కడ కాదు. 2005లో చర్మ లింఫోమాల అంతర్జాతీయ సంఘం తొలిదశ ఎంఎఫ్‌ను తేల్చడానికి ఒక పాయింట్ల పద్ధతి ప్రతిపాదించింది. మొత్తం ఆరు పాయింట్లు, నాలుగొస్తే ఎంఎఫ్. కంటితో చూసిన లక్షణాలకు గరిష్ఠంగా రెండు. మైక్రోస్కోపు కింద చూసినదానికి కూడా గరిష్ఠంగా రెండే. టీ కణాల ఉపరితల గుర్తుల పరీక్షకు ఒకటి, అవన్నీ ఒకే కణం సంతానమా అని చూసే జన్యు పరీక్షకు ఒకటి. అంటే డాక్టరు బట్టలు తీయించి ఒళ్ళంతా చూడటానికీ, పాథాలజిస్టు గంటసేపు స్లైడు చూడటానికీ ఒకే విలువ.

కంటి పాయింట్లకు పునాది షరతు కూడా కాలమే. మచ్చలు మానకుండా నిలిచి ఉండాలి లేదా పెరుగుతూ ఉండాలి. దానికి తోడు ఎండ తగలని చోట ఉండటం, ఆకారంలో పరిమాణంలో పొంతన లేకపోవడం, పాయికిలోడెర్మా అనే రంగుల కలగలుపు (ఒకే మచ్చలో నలుపు, పాలిపు, పలచబడిన చర్మం, సన్నటి రక్తనాళాల గీతలు), ఈ మూడింటిలో ఒకటుంటే ఒక పాయింటు, రెండుంటే రెండు.

మైక్రోస్కోపు కింద పాథాలజిస్టు వెతికేది లింఫోసైట్లు చర్మపు పైపొరలోకి ఎక్కాయా లేదా అని. ఎగ్జిమాలోనూ ఎక్కుతాయి, కానీ అక్కడ పైపొర నీరు పట్టి ఉబ్బి ఉంటుంది. ఉబ్బు లేకుండా లింఫోసైట్లు పైపొర అడుగున వరస కట్టి ఉంటే, లేదా పోత్రియే గూళ్ళు అని పిలిచే చిన్న గుంపులుగా చేరితే అనుమానం గట్టిపడుతుంది. తొలిదశలో ఆ గూళ్ళు కనబడని స్లైడులే ఎక్కువ. జన్యు పరీక్ష కూడా గుడ్డిగా నమ్మదగింది కాదు. మామూలు చర్మవ్యాధుల్లో ఒక్కోసారి పాజిటివ్ వస్తుంది, నిజమైన తొలి ఎంఎఫ్‌లో నెగటివ్ రావచ్చు. రెండు వేర్వేరు మచ్చల్లో ఒకే గుర్తు దొరికితే మాత్రం దానికి బరువుంటుంది.

కాబట్టి ఒక ముక్కతో సరిపోదు. రెండు మూడు చోట్ల నుంచి, పూత రాయని మచ్చ నుంచి తీయాలి. ఏమీ తేలకపోతే కొన్ని నెలలాగి మళ్ళీ తీయాలి. ఇది విని రోగులకు కోపం వస్తుంది, సహజమే. మొదటి రిపోర్టులో "దీర్ఘకాలిక చర్మశోథ" అని వస్తే క్యాన్సర్ కాదని పండగ చేసుకుని ఫైలు అటక మీద పెట్టేవాళ్ళే ఎక్కువ. ఆ రిపోర్టు చెప్పేది ఆ రోజు, ఆ నాలుగు మిల్లీమీటర్ల ముక్కలో ఏం కనిపించిందో అంతవరకే. పాథాలజిస్టుకు పంపే కాగితం మీద "మచ్చ" అని రాస్తే ఒక రకమైన చదువు, "ఐదేళ్ళుగా మానని మచ్చలు, ఎంఎఫ్ అనుమానం" అని రాస్తే ఇంకో రకమైన చదువు. ఆ వాక్యం రాశారా అని అడగడం రోగి హక్కు.

కత్తి తగిలితే పాకుతుందన్న భయం మన దగ్గర బలంగా ఉంది. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పెన్సిలు మందం ముక్క తీసి, ఒకటి రెండు కుట్లు వేయడం వల్ల ఎంఎఫ్ పాకదు.

చూపించుకోవడానికి వెళ్ళేటప్పుడు

మచ్చ ఉన్న చోటే పెద్ద అడ్డంకి. పిరుదు మీద మచ్చను అద్దంలో మనమే చూసుకోలేం. చూసినవాళ్ళు భర్తో, భార్యో, తల్లో అయి ఉంటారు. డాక్టరు దగ్గర చొక్కా పైకెత్తి ఒక్క మచ్చ చూపించి, మిగతావి "ఇలాంటివే ఇంకో రెండున్నాయి" అని నోటితో చెప్పడం రివాజు. లేడీ డాక్టరు కావాలని అడగండి, నర్సును పక్కన ఉండమనండి, కానీ ఒళ్ళంతా చూపించండి. మచ్చల్లో పొంతన లేదన్న సంగతి అన్నీ చూస్తేనే కదా తెలిసేది. నెలకోసారి అదే వెలుతురులో, పక్కన ఒక నాణెం పెట్టి ఫోటో తీసి ఉంచుకుంటే, వైద్యపరంగా దానికి చాలా విలువుంది. వాడిన ట్యూబుల పేర్లు, ఎప్పుడు ఆపారు, ఆపాక ఎన్నాళ్ళకు తిరిగొచ్చింది అన్నవి రాసి తీసుకెళ్ళండి. డాక్టరు జబ్బు గమనాన్ని చదివేది అందులోనే.

ఎగ్జిమా లేదా సోరియాసిస్ అని ముద్రపడి పెద్ద మందులకు వెళ్ళబోతున్నవాళ్ళు మరింత జాగ్రత్తగా ఉండాలి. రోగనిరోధక శక్తిని అణిచే సైక్లోస్పోరిన్ ఎంఎఫ్‌ను రెచ్చగొట్టగలదు. ఎగ్జిమాకు కొత్తగా వాడుతున్న డుపిలుమాబ్ ఇంజెక్షన్ మొదలుపెట్టాక దాగి ఉన్న టీ కణ లింఫోమా ఒక్కసారిగా బయటపడిన, ముదిరిన కేసులు నమోదయ్యాయి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు ఈ ఇంజెక్షన్ ప్రకటనలు టీవీలోనే కనిపిస్తాయి. చిన్నప్పుడు ఎగ్జిమా చరిత్ర లేకుండా, నడివయసులో కొత్తగా "ఎగ్జిమా" వస్తే ఆ మందుకు ముందు ఒక బయాప్సీ అడగడం తప్పు కాదు.

తేలిన తర్వాత

రోగి అరచేయి, వేళ్ళతో కలిపి, ఒంటి ఉపరితలంలో దాదాపు ఒక శాతం. మచ్చలన్నీ కలిపి పది చేతులకంటే తక్కువైతే, చంకల్లో, గజ్జల్లో గ్రంథులు వాయకపోతే, రక్తంలో చెడ్డ కణాలు లేకపోతే అది 1ఏ దశ. బ్రిటన్‌లో 1,500 మందికి పైగా రోగులను పరిశీలించి 2010లో ప్రచురించిన లెక్క ప్రకారం, ఈ దశలో ఉన్నవారిలో ఐదేళ్ళ తర్వాత ఎంఎఫ్ వల్ల చనిపోనివారు 98 శాతం. ఇంత మంచి అంకె క్యాన్సర్ వార్డుల్లో అరుదుగా వినబడుతుంది.

ముందే దొరికింది కాబట్టి కీమోతో కూకటివేళ్ళతో పెకలించేయాలన్న తొందర సహజం. ఆ తొందరకు 1989లోనే సమాధానం దొరికింది. అమెరికాలో 103 మంది రోగులను రెండు భాగాలు చేసి, ఒక భాగంవారికి మొదటి నుంచీ కీమో, ఒంటినిండా ఎలక్ట్రాన్ కిరణాలు ఇచ్చారు. ఇంకో భాగంవారికి పైపూతలతో మొదలుపెట్టి అవసరాన్ని బట్టి పెంచారు. గట్టి వైద్యం పొందినవారిలో మచ్చలు ఎక్కువగా మాయమయ్యాయి, కానీ ఆయుష్షు పెరగలేదు. బాధలు మాత్రం ఎక్కువయ్యాయి. అప్పటి నుంచి తొలిదశకు పూతలు, కాంతి చికిత్స, అవసరమైతే తక్కువ మోతాదు మాత్రలు. వారానికి రెండు మూడుసార్లు యూవీబీ క్యాబిన్‌లో కొన్ని నిమిషాలు నిలబడితే చాలామందికి నెలల్లో మచ్చలు తగ్గుతాయి. ఆపాక మళ్ళీ రావచ్చు, వస్తే మళ్ళీ మొదలుపెడతారు. బీపీ, షుగరు లాగా దీన్ని కనిపెట్టుకుని ఉంటారు.

ఆ కనిపెట్టుకోవడంలో ఆరు నెలల అపాయింట్‌మెంటు వరకు ఆగకూడని సందర్భాలు కొన్ని: పల్చటి మచ్చ చేతికి మందంగా తగలడం, సెంటీమీటరున్నర దాటిన గడ్డ లేవడం, మచ్చ పుండు పడటం, ఒళ్ళంతా ఎర్రబడి అరచేతులు, అరికాళ్ళు బెరడు కట్టడం, చంకలోనో గజ్జల్లోనో గ్రంథి వాయడం. అప్పుడు చర్మవైద్యుడితో పాటు రక్త క్యాన్సర్లు చూసే డాక్టరు కూడా కలవాలి. స్కానింగ్, రక్తంలో చెడ్డ టీ కణాల లెక్క, గ్రంథి బయాప్సీ ఆ దశలో అవసరం. పల్చటి మచ్చలు మాత్రమే ఉన్నవారికి పెట్ స్కాన్ రాస్తే మాత్రం ఎందుకని అడగండి, చాలామందికి దానితో పని ఉండదు.